పెదనాన్న గారి ముద్దాయి

మా పెదనాన్నకి ఒకటే జబ్బు. ఇంట్లో గానీ, వీధిలో గానీ ఏ వస్తువు విరిగినా, ఒలికినా, కాలినా, కనబడకుండా పోయినా ఆ పని చేసింది పిల్లేనని తేల్చేస్తాడు. తేల్చేసి ఊరుకుంటే మనమూ ఊరుకోవచ్చు. కానీ ఆయన రుజువు కూడా చేస్తాడు. చిక్కంతా అక్కడే వస్తుంది.

ఆయన ఉద్యోగమంతా కోర్టులో గడిచింది. జడ్జీ కాదు, వకీలూ కాదు. కోర్టు హాలు గుమ్మం దగ్గర నిలబడి పేర్లు పిలిచే బంట్రోతు. ఆయన గొంతు విప్పి ఒక పేరు పిలిస్తే ఆ కేసుతో ఏ సంబంధమూ లేనివాళ్ళు కూడా కంగారుపడి లేచి లోపలికి వెళ్ళిపోయేవాళ్ళట. ఉద్యోగం అయిపోయింది గానీ ఆ గొంతు మాత్రం పోలేదు. "మీ పెదనాన్నకి పింఛను వచ్చింది గానీ విశ్రాంతి రాలేదురా. నాకు రెండూ రాలేదు" అనేది పెద్దమ్మ.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరి వాళ్ళింట్లోనే మకాం పెట్టాను. అదొక పాత మేడ. కింద వీధి వైపు దర్జీ కొట్టు, దాని వెనక పెదనాన్న వాళ్ళ రెండు గదులు. ఆ గదుల మీద ఇంటి యజమాని కాపురం. ఆయన్ని అందరూ ఇంటాయన అనీ, ఆయన భార్యని ఇంటావిడ అనీ అనేవాళ్ళు. ఆ పై అంతస్తులో ఒక వాటా లెక్కల మాస్టారిది, ఇంకో వాటా ఆస్పత్రిలో పనిచేసే నర్సమ్మది. అందరికీ కలిపి ఒకటే మెట్ల వరస. ఆ మెట్ల మలుపులో కిటికీలోంచి ఎండ పడేది. ఆ ఎండలో పిల్లి పడుకునేది.

అది ఎవరూ పెంచిన పిల్లి కాదు. పసుపూ తెలుపూ కలిసిన ఒళ్ళు, సగమే మిగిలిన ఒక చెవి, ఏ లోటూ లేని పొట్ట. ఎలక ఎదురైతే మర్యాదగా ముఖం పక్కకి తిప్పుకునేది. దానికి పెదనాన్న ముద్దాయి అని పేరు పెట్టాడు.

కోర్టు గుమ్మం ఎన్నడూ తొక్కని నర్సమ్మ, ఈ మేడలోకి వచ్చిన కొత్తలో, ఆ పేరు ముద్దులోంచి పుట్టిందనుకుంది. "ముద్దాయీ, ముద్దాయీ అని పిలుస్తుంటే ఎంత ముద్దొస్తోందండీ! మా అక్కకి పాప పుట్టింది. ఇదే పేరు పెట్టమని చెబుతాను" అంది.

పెద్దమ్మ హడలిపోయింది. "ఆ పని మాత్రం చెయ్యకు తల్లీ! నేరం మోపి కోర్టులో నిలబెట్టినవాణ్ణి ముద్దాయి అంటారు. పసిగుడ్డుకి ఆ పేరెందుకు?"

"మరి పిల్లికెందుకండీ?"

"అది మా ఆయన్ని అడుగు. నీకు డ్యూటీ లేని రోజు చూసుకుని అడుగు. ఆయన చెప్పడం మొదలుపెడితే ఓ పట్టాన ఆపరు."

నేను కళ్ళారా చూసిన మొదటి విచారణ దర్జీ కొట్టులో జరిగింది. ఒక భారీ మనిషి కొత్త కోటు కుట్టించుకున్నాడు. వేసుకు చూద్దామని వచ్చేసరికి కోటు వీపు మీద ఇస్త్రీపెట్టె ఆకారం అచ్చుగుద్దినట్టు కాలి ఉంది. ఆయన అరుపులకి వీధి సగం అక్కడే చేరింది. దర్జీ కత్తెర చేత్తో పట్టుకుని, అది ఎందుకు పట్టుకున్నాడో తెలియక నిలబడ్డాడు. అప్పుడు వెనక గదిలోంచి పెదనాన్న భుజాన తువ్వాలుతో వచ్చి, కోటుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది పిల్లి పని" అన్నాడు.

"పిల్లి ఇస్త్రీ చేస్తుందా?" అని గర్జించాడు కోటాయన.

"దానికి చేతకాదు. అందుకే కాలింది. చేతనైనవాడు ఎవడైనా ఇలా కాలుస్తాడా చెప్పండి?"

కోటాయన ఆ మచ్చని మళ్ళీ ఒకసారి తిప్పి చూశాడు. ఈలోగా పెదనాన్న మెట్ల వైపు తిరిగి, అరచెయ్యి నోటి పక్కన పెట్టుకుని, "ముద్దాయీ... హాజర్!" అని పిలిచాడు. కిటికీ అద్దాలు కదిలాయి. మూడుసార్లు పిలిచినా పిల్లి చెవి కూడా కదపలేదు. తనే వెళ్ళి రెండు చేతులా ఎత్తుకొచ్చాడు. దర్జీ కూర్చునే స్టూలుని తలకిందులుగా పెట్టి, పైకి లేచిన నాలుగు కాళ్ళ మధ్య పిల్లిని కూర్చోబెట్టాడు. అది బోను.

"ముద్దాయీ, నువ్వు ఈ బల్ల మీదకి దూకి, ఆ స్విచ్చు నొక్కి, ఈ పెట్టెని కోటు మీద పడేసిన మాట నిజమా, కాదా?"

పిల్లి ఆవలించింది.

"నోరు తెరిచింది, కానీ కాదనలేదు. అందరూ గమనించండి. నేరం ఒప్పుకున్నట్టే భావించడమైనది. సాయంత్రం దాకా మెట్ల మలుపులో, ఎండలో కూర్చోవలెనని శిక్ష!"

కోటాయన ముందు ముక్కుతో నవ్వాడు, తర్వాత పొట్టతో నవ్వాడు. చివరికి వీపు గుడ్డ మార్చి మళ్ళీ కుట్టివ్వమని దర్జీ భుజం తట్టి వెళ్ళిపోయాడు. పిల్లి తన శిక్ష అనుభవించడానికి తన రోజువారీ చోటికే వెళ్ళి పడుకుంది.

ఆ తర్వాత కేసులకి కొదవ లేకపోయింది. పరీక్ష పేపర్లు దిద్దడానికని లెక్కల మాస్టారు ఇంటికి తెచ్చుకున్నారు. ఓ పూట చూసేసరికి కట్టంతా టీలో తడిసి ముద్దయి ఉంది. స్కూల్లో పెద్ద టీచరమ్మ స్వయంగా వచ్చి నిలదీసింది. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, పెట్టుకుంటూ, మళ్ళీ తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు. కబురెవరు పంపారో గానీ పెదనాన్న చంకలో పిల్లితోనే పైకి వచ్చాడు.

"పిల్లి టీ తాగదు కదండీ?" అంది టీచరమ్మ.

"తాగదమ్మా. అందుకే ఒలకబోసింది. తాగే అలవాటుంటే తాగేసేది, పేపర్లు దక్కేవి."

ఇంకోసారి పై అంతస్తు కుళాయి ఎవరో కట్టకుండా వదిలేశారు. నీళ్ళు మెట్ల మీదుగా దిగి ఇంటావిడ గడప దాటి, దర్జీ కొట్టులోకి వెళ్ళి గుడ్డ ముక్కల్ని తేల్చాయి. ఇంటావిడ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని చెడామడా తిట్టడం మొదలుపెట్టింది. ఇదీ పిల్లి పనేనన్నాడు పెదనాన్న.

"పిల్లికి నీళ్ళంటే భయం కదండీ!" అందావిడ.

"అందుకేనమ్మా, తిప్పి పారిపోయింది. భయం లేనిదైతే అక్కడే ఉండి కట్టేసేది కాదూ?"

ఇంతా చేసి, ఆ పిల్లి నిజంగా నేరం చేసిన రోజున మాత్రం ఆయన ధోరణి మారిపోయింది. పెద్దమ్మ కాచి చల్లార్చిన పాలగిన్నె ఖాళీ అయింది. పిల్లి గిన్నె పక్కనే కూర్చుని ఉంది. పెద్దమ్మ దాని సగం చెవి పట్టుకుని మొగుడి ముందుకి తెచ్చింది.

పెదనాన్న దాన్ని ముందు నుంచీ, వెనక నుంచీ చూసి, "సాక్ష్యం చాలదు" అన్నాడు.

"మీసాలకి అంత మీగడ కనబడుతుంటే సాక్ష్యం చాలదా?"

"మీగడ మీసాల మీద ఉందంటే నోటిదాకా వెళ్ళలేదన్నమాట. కేసు కొట్టివేయడమైనది."

పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది. ఆ పూట అందరం పాలు లేని టీ తాగాం. ఏ పాపమూ ఎరగని కేసుల్లో శిక్షలు పడి, నిజంగా చేసిన కేసులో ఆ పిల్లి నిర్దోషిగా బయటపడింది. ఇదేం న్యాయమో నాకు అంతుపట్టలేదు.

ఇలా హాయిగా రోజులు గడిచిపోతుండగా ఇంటావిడ పూలకూజా పగిలింది.

అది మామూలు కూజా కాదు. వాళ్ళమ్మ ఆవిడకి ఇచ్చిన పింగాణీ కూజా, దాని మీద నీలం పువ్వులు. ముందు గదిలో రేడియో బల్ల మీద ఉండేది. ఆవిడ తప్ప దాన్ని ఇంకెవరూ తుడవకూడదు. ఆ మధ్యాహ్నం ఆవిడ చెల్లెలింటికి వెళ్ళి తిరిగొచ్చేసరికి కూజా నేల మీద ముక్కలై ఉంది. ఆవిడ పెట్టిన కేకకి మేడంతా వాళ్ళ గుమ్మం ముందు పోగైంది. ఇంటాయన గది మధ్యలో చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇంటాయన గురించి చెప్పాలి. ఆయన నవ్వగా ఎవరూ చూడలేదు. మెట్లు అరిగిపోతాయేమోనని మునివేళ్ళ మీద దిగే మనిషి. రేడియోలో వార్తలు తప్ప ఇంకేమీ వినడని పేరు.

"ఎవరు చేశారీ పని?" అంది ఇంటావిడ.

పెదనాన్న గొంతు సవరించుకుని నోరు తెరిచాడు. కానీ ఆయన కంటే ముందే ఇంటాయన అనేశాడు.

"పి... పిల్లి."

పెదనాన్న తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. ఆయన మాట ఇంకొకడి నోట రావడం అదే మొదటిసారి. ఆ మాట విని ఆయన సంతోషించలేదు సరికదా, ముఖం తెల్లబోయింది. ఎందుకో కాసేపట్లోనే తెలిసింది.

"అవును, పిల్లే!" అని అందుకుంది ఇంటావిడ. "కోటు కాల్చింది. పేపర్ల మీద టీ పోసింది. కుళాయి వదిలి ఇల్లంతా ముంచింది. ఇప్పుడు మా అమ్మ కూజా! ఈ మేడలో అదన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి. తేల్చండి!"

ఇంటాయన క్షణం కూడా ఆలోచించలేదు. "పిల్లినే పంపించేద్దాం" అన్నాడు. "ఏటి అవతల మా స్నేహితుడికి ధాన్యం గోడౌన్ ఉంది. ఆదివారం పొద్దున్నే మనిషిని పంపమంటాను. అక్కడ బోలెడన్ని ఎలకలు. దానికీ బాగుంటుంది."

"ఎలకలా!" అన్నాడు పెదనాన్న. "అయ్యా, అన్ని ఎలకల్ని ఒక్కసారి చూస్తే అది బెదిరి చచ్చిపోతుందండీ! దానికి వేట రాదు. ఈ వయసులో, ఆ చెవితో, ఎవరు పెడతారని తింటుంది?"

"ఇస్త్రీపెట్టె ఎత్తిపడేసిన పిల్లికి ఎలక ఒక లెక్కా?" అంది ఇంటావిడ.

ఆ రుజువులన్నీ పెదనాన్న చేసినవే. దర్జీ నేల చూశాడు, మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, నర్సమ్మ డ్యూటీకి వేళైందని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం పెదనాన్న కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతున్నాడు. నాకు చూడబుద్ధి కాలేదు.

"పెదనాన్నా, ఆ కోటు దర్జీగారే కాల్చి ఉంటారు కదా? ఆయన్ని పిలిచి అడిగితే పిల్లి మీద ఒక కేసైనా తగ్గుతుంది" అన్నాను.

"నోరు ముయ్. తీర్పయిన కేసు తిరగదోడకూడదు" అని కంచంలో చెయ్యి కడుక్కుని మెట్ల మీదకి పోయాడు.

నేను బిక్కమొహం వేసుకుంటే పెద్దమ్మ నా కంచంలో ఇంకాస్త వడ్డించింది. "ఆయనకి తెలీదనుకున్నావా? ఏ కేసులో ఎవరు చేశారో గుమ్మంలో అడుగుపెట్టగానే తెలిసిపోతుంది. అలాంటి ముఖాల్ని కోర్టులో రోజూ చూసిన మనిషి" అంది.

"మరి ఈ పిల్లి గోలంతా ఎందుకు?"

"పేర్లు పిలిచే ఉద్యోగం కదురా ఆయనది. ఆ గొంతుతో ఒక మనిషి పేరు నలుగుర్లో పైకి పిలవగానే వాడి ముఖం ఎలా అయిపోతుందో దగ్గర నుంచి చూశారు. నేరం చేసినవాడిదీ అంతే, చెయ్యనివాడిదీ అంతే. ఇంటికొచ్చి అన్నం తినేవారు కాదు కొన్నాళ్ళు. ఉద్యోగం నుంచి బయటపడ్డ రోజున నాతో ఒకటే మాట అన్నారు, ఇంక ఎవరి పేరూ పైకి పిలవనని. పిల్లి పేరైతే ఫరవాలేదట. ఎంత గట్టిగా పిలిచినా దాని ముఖం మారదు కదా."

నేను అన్నం ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయాను. ఇన్నాళ్ళూ నేను పిచ్చి అనుకుని నవ్విందంతా ఇదా! మా పెదనాన్న మీద నాకు అప్పుడు కలిగిన ప్రేమ ఇంతా అంతా కాదు.

మర్నాడు ఆయన కోలుకుని, జీవితంలో మొదటిసారి పిల్లి తరఫున వాదించడానికి మేడ మీదకి వెళ్ళాడు. నన్నూ వెంటబెట్టుకున్నాడు. రేడియో బల్ల మీద ఒక వేయించిన చేపముక్క పెట్టి, పిల్లిని కింద వదిలాడు. "చూడండమ్మా. ఇంత వాసన వేస్తున్నా ఎక్కలేకపోతోంది. మరి కూజా ఎలా పడేస్తుంది?" అన్నాడు.

పిల్లి చేపముక్క వైపు ఒకసారి, దూరం వైపు ఒకసారి చూసి, లాభం లేదని బల్ల కింద పడుకుని నిద్రపోయింది.

"అది నటిస్తోంది" అంది ఇంటావిడ. "మీరేగా ఇది మహా గడుసు పిల్లి అని ఇన్నాళ్ళూ చెప్పింది?"

మేము పిల్లినీ, చేపముక్కనీ తీసుకుని కిందకి వచ్చేశాం. ఇంటాయన మా కళ్ళలోకి చూడకుండా తలుపు వేసుకున్నాడు.

శనివారం నాకు ఆఫీసు సగంపూటే. భోంచేసి పెదనాన్న పక్కన చాప మీద నడుం వాల్చాను. ఇంటావిడ మళ్ళీ చెల్లెలింటికి వెళ్ళినట్టుంది. పైన రేడియోలో ఏదో హుషారైన పాట మొదలైంది. వెంటనే మా నెత్తి మీద కప్పు దడదడలాడటం మొదలుపెట్టింది. పాటకి తగ్గట్టు ధబ్బు, ధబ్బు, కాస్త ఆగి మళ్ళీ ధబ్బు.

"ఏమిటది పెదనాన్నా?"

"పిల్లి" అన్నాడు ఆయన కళ్ళు మూసుకునే.

"అంత బరువుగానా?"

"బరువైన పిల్లే. ఇంటావిడ గడప దాటినప్పుడల్లా వస్తుంది. పాట పెట్టుకుని గంతులేస్తుంది. పాపం, బాగానే వేస్తుంది. మొన్న ఒక్క గంతు గురి తప్పింది."

నేను దిగ్గున లేచి కూర్చున్నాను. మునివేళ్ళ మీద నడిచే ఇంటాయన! వార్తలు తప్ప వినని ఇంటాయన! "మరి చెప్పెయ్యరేం? ఒక్క మాటతో మన పిల్లి బతికిపోతుంది కదా!"

పెదనాన్న కళ్ళు తెరిచి కప్పు వైపు చూశాడు. "చెప్పాననుకో. మేడంతా నవ్వుతారు. ఆ మనిషి ఈ జన్మలో మళ్ళీ కాలు కదుపుతాడంటావా? ఆయనకున్న సరదా అదొక్కటేరా." పక్కకి ఒత్తిగిలి, "పిల్లిని వదులుకోలేను. ఆయన పేరూ పిలవలేను. ఏం చెయ్యాలో తోచడం లేదు" అన్నాడు. ఆ పెద్ద గొంతు అంత చిన్నదిగా నేనెప్పుడూ వినలేదు.

ఆదివారం పొద్దున్న అందరం మెట్ల దగ్గర చేరాం. పెద్దమ్మ పిల్లికి చివరిసారని పాలు పట్టింది, మీగడతో సహా. పెదనాన్న కోర్టుకి వేసుకునే పాత తెల్ల కోటు వేసుకుని, పిల్లిని ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. ఇంతలో గోడౌన్ మనిషి వచ్చాడు. సంచి చంకలో ఉంది గానీ మనిషి వీధి గుమ్మం దాటి లోపలికి రావడం లేదు.

"అయ్యా, నేను బస్తాలు మోసుకునేవాణ్ణండీ" అన్నాడు అక్కడి నుంచే. "మా సూపర్వైజరు ముద్దాయిని పట్టుకురమ్మన్నారు. ఇలాంటివి పోలీసులు చూసుకోవాలి గానీ నాకెందుకండీ? ఇంతకీ ఏం చేశాడేంటి?"

"చేశాడు కాదు, చేసింది" అన్నాడు ఇంటాయన చిరాగ్గా.

"అమ్మో, ఆడమనిషా! అయితే అసలే ముట్టుకోనండీ!"

"ముందు నేను చెప్పేది విను. అది ఒకరి కోటు కాల్చింది..."

"ఆ కోటు కాల్చింది నేనండీ" అన్నాడు దర్జీ.

అందరం ఆయన వైపు తిరిగాం. దర్జీ మెడలో టేపుని రెండు చేతులా పట్టుకుని గబగబా చెప్పేశాడు. "పని మీద కునుకు పట్టింది. లేచేసరికి పొగ. నేనే ముద్దాయిని. పిల్లి కాదు."

"టీ నాది" అన్నారు మాస్టారు. ఈసారి కళ్ళజోడు తియ్యలేదు. "నా మోచెయ్యి తగిలింది. పిల్లి అప్పుడు గదిలోనే లేదు."

"కుళాయి నేను వదిలేశానండీ" అంది నర్సమ్మ. "డ్యూటీ నుంచి వచ్చి తిప్పితే నీళ్ళు రాలేదు. కట్టడం మరిచి పడుకున్నాను. ముద్దాయిని నేను."

గోడౌన్ మనిషి ఒక్కొక్కర్నీ చూస్తూ ఒక్కో అడుగే వెనక్కి వేశాడు. "ఇంతమందిని నేనొక్కణ్ణీ ఎలా తీసుకెళ్ళేదండీ? సంచి కూడా ఒకటే తెచ్చాను!"

పెదనాన్న పిల్లిని దింపి, రెండు చెవులూ మూసుకుని లేచాడు. "నేనేమీ వినలేదు! ఇవాళ ఆదివారం, కోర్టుకి సెలవు! ఈ ఒప్పుకోళ్ళు చెల్లవు!" అని అరిచాడు. ఎవరూ ఆయన మాట పట్టించుకోలేదు. చెప్పేసినవాళ్ళ ముఖాలు ఆయన భయపడ్డట్టు వాడిపోలేదు. దర్జీ అయితే హాయిగా నవ్వుతున్నాడు. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు చెప్పడం వల్ల, సిగ్గు కూడా తలా కాస్త పంచుకున్నట్టయింది.

ఇంటావిడ చీర చెంగు నడుముకి దోపుకుని పిల్లి ముందు నిలబడింది. "ఇన్నాళ్ళూ ఈ నోరులేని దాన్నా నేను తిట్టిపోసింది?" అని, తల పైకెత్తింది. "మరి నా కూజా?"

ఇంటాయన చెవులు ఎర్రబడ్డాయి. పెదవులు కదిలాయి. ఆయన చెప్పేయడానికే సిద్ధపడ్డాడని నాకు ఇప్పటికీ నమ్మకం. కానీ మాట బయటికి రాకముందే కిటికీ అద్దాలు కదిలేలా పెదనాన్న గొంతు మోగింది.

"కూజా మాత్రం పిల్లే!"

"మొన్న అది ఎక్కలేదని మీరే చూపించారుగా?" అంది ఇంటావిడ.

"నటించిందమ్మా. మీరే కనిపెట్టారుగా? మిగతా కేసులన్నీ కొట్టేశారు కాబట్టి దానికిది మొదటి తప్పు. మొదటి తప్పుకి మందలించి వదిలెయ్యడం ఆనవాయితీ."

"అవునవును! మొదటి తప్పు!" అన్నాడు ఇంటాయన. వేలు పిల్లికి చూపించి, "ఇంకెప్పుడూ... అలా... చెయ్యకు" అన్నాడు. ఇంత దీనంగా ఎవరినైనా మందలించడం నేను చూడలేదు.

ఇంటావిడ పిల్లిని చూసింది. తర్వాత మొగుణ్ణి పైనుంచి కిందదాకా చూసింది, పాదాల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగింది.

"సరే, ఉండనివ్వండి. కానీ ఆ పిల్లికి ఒక మాట చెప్పండి. నేను చెల్లెలింటి నుంచి వచ్చేసరికి రేడియో ముల్లు ఎప్పుడూ పాటల దగ్గరే ఉంటోంది. గంతులెయ్యాలనిపిస్తే ఇకమీదట ముందు గదిలో వద్దు, డాబా మీద బోలెడు చోటుంది. రేడియో కూడా పట్టుకెళ్ళమనండి."

ఇంటాయన పిల్లి వైపే చూస్తూ, "విన్నావుగా" అన్నాడు. పెద్దమ్మ గోడౌన్ మనిషిని లోపలికి పిలిచి కూర్చోబెట్టి టీ ఇచ్చింది. ఆయన గ్లాసు ఖాళీ చేసి, ఈ మేడలో అసలు ముద్దాయి ఎవరని నన్ను చెవిలో అడిగాడు. నేను పిల్లిని చూపించాను. ఆయన నమ్మకుండానే వెళ్ళిపోయాడు.

మర్నాడు సాయంత్రం ఇంటాయన రేడియో చంకలో పెట్టుకుని మెట్లెక్కాడు. మునివేళ్ళ మీద కాదు, మామూలుగా చప్పుడు చేసుకుంటూనే. కాసేపటికి ఇంటావిడ, ఆరేసిన బట్టలు తెచ్చుకోవాలని గట్టిగా అనుకుంటూ ఆయన వెనకే వెళ్ళింది. ఆ రోజు ఎవరూ బట్టలు ఆరెయ్యలేదు. ఇంకాసేపటికి పై నుంచి పాటా, దానితోపాటు అడుగుల చప్పుడూ మెట్ల దారిన కిందకి వచ్చాయి. చెవి ఒగ్గి వింటే ఒక జత కాళ్ళ చప్పుడు కాదు.

పెద్దమ్మ చేటలో బియ్యం ఏరుతున్నదల్లా ఆగి, "ఏమండీ, ఆ రెండో పిల్లి ఎవరంటారు?" అంది.

"పేర్లు చెప్పను" అన్నాడు పెదనాన్న, ఒళ్ళో పిల్లి వీపు నిమురుతూ.